పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: ఆడపిల్లల తరఫున అడిగేటప్పుడు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: తామున్న చోట స్త్రీలకూ బాలికలకూ న్యాయం జరిగేలా చూడాలంటే ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎదురుదెబ్బలు తగిలితే ఎలా నిలబడాలి. అందుకే ఇతర ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఆరు ఉత్తరాలకు మాత్రమే ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మేము పన్నెండు మంది స్త్రీలం కలిసి నాలుగేళ్లుగా ఒక చిన్న సంఘం నడుపుతున్నాము. ఏటా మహిళా దినోత్సవం జరుపుతాము, బాలికల హక్కుల మీద సదస్సులు పెడతాము, కరపత్రాలు పంచుతాము. వచ్చినవారంతా బాగుందంటారు, మర్నాటికి అంతా మామూలే. మేము చేస్తున్న దానిలో లోపం ఎక్కడుంది?
– ఒక సంఘం కార్యదర్శి

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగేళ్లలో మీరు ఎవరికి ఏమి చెప్పారో అందులో వివరంగా ఉంది గాని, ఎవరిని ఏమి అడిగారో ఎక్కడా లేదు. లోపం అక్కడే ఉందని నా అభిప్రాయం. అవగాహన కలిగించడం ఒక పని; ఫలానా పని చేయమని అధికారులను అడిగి సాధించడం, అంటే సంఘాలవారు అడ్వకసీ అని పిలిచే పని మరొకటి. సదస్సుకు వచ్చినవారు ఆడపిల్లలకు సమాన అవకాశాలు ఉండాలని మనస్ఫూర్తిగా ఒప్పుకొని ఇంటికి వెళ్లగలరు, ఎందుకంటే ఆ ఒప్పుకోలు వల్ల మర్నాడు వారి మీద పడే పని ఏదీ లేదు. ‘స్త్రీలకు భద్రత కావాలి’ అన్న కోరికను కాదనేవారు ఉండరు, తీర్చేవారూ ఉండరు. అదే, బస్సు దిగే చోటి నుంచి బాలికల పాఠశాల దాకా ఉన్న దారిలో వెలగని దీపాలన్నీ ఫలానా తేదీలోగా వెలగాలి అని అడిగారనుకోండి; దానికి ఒక శాఖ ఉంటుంది, ఒక అధికారి ఉంటారు, ఒక పద్దు ఉంటుంది, వారు అవునో కాదో చెప్పక తప్పదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద తిరగబడిన స్త్రీలు అడిగింది ఒక్కటే: సారా దుకాణం ఊళ్లో ఉండకూడదు. అక్షరాస్యతా తరగతుల్లో చదువుకున్న పాఠం వారికి దారి చూపిన మాట నిజమే, కాని ఆ పాఠం తరగతి గదిలోనే ఆగిపోలేదు, దుకాణం గుమ్మం దాకా నడిచింది. ఆ ఒక్క కోరిక చుట్టూ జిల్లా, ఆ తరువాత రాష్ట్రం కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తివేశారన్నది కూడా మరువకూడదు. గెలిచినదానికి కాపలా లేకపోతే ఏమవుతుందో అది చెబుతుంది.

ఇక ఏమి అడగాలో మీకు మీరే తేల్చుకోవడానికి మంచి పద్ధతి ఒకటుంది. 1989లో కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే సంస్థ స్త్రీల భద్రతా తనిఖీ అనే విధానాన్ని తయారుచేసింది. ఆ తరువాత అది ఎన్నో దేశాల నగరాలకు వెళ్లింది. ఒక దారిని ఎవరు వాడుతున్నారో వారే ఆ దారి గురించి బాగా చెప్పగలరన్నది దానికి మూలం. చీకటి పడిన తరువాత ఆరుగురో ఏడుగురో కలిసి ఆ దారిన నడుస్తారు; వారిలో ఒక బడిపిల్ల, ఒక వృద్ధురాలు, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి, వీలైతే చక్రాల కుర్చీలో తిరిగే ఒకామె ఉండాలి. ఎక్కడ ముందున్న మనిషి ముఖం కనిపించడం లేదో, ఎక్కడ కేకేస్తే వినేవారు లేరో, ఎక్కడ పక్కకు తప్పుకోవడానికి దారి లేదో చూసి, ఒకరు పుస్తకంలో రాస్తూ ఉంటారు. ఇలా నడిచినప్పుడు బయటపడేవి కార్యాలయంలో కూర్చుంటే తట్టేవి కావు. ఒక దీపం ఉంటుంది, వెలుగుతూనే ఉంటుంది, రిజిస్టరులో కూడా ‘వెలుగుచున్నది’ అనే ఉంటుంది. కాని దాని ముందుకు పెరిగిన చెట్టుకొమ్మ వెలుతురునంతా పైనే ఆపేయడంతో కింద నడిచే పిల్ల ముందు చీకటే ఉంటుంది. అప్పుడు మీరు అడగవలసింది కొత్త దీపం కాదు, కొమ్మ కొట్టించడం. నాలుగేళ్ల సదస్సులు చేయలేని పని ఆ కొమ్మ చేస్తుందని నేను హామీ ఇవ్వలేను గాని, ‘నిధులు లేవు’ అనే జవాబు అక్కడ మాత్రం చెల్లదు.

మరొక మాట. వినతిపత్రం ఇచ్చే రోజును పండుగలను బట్టి కాక బడ్జెట్‌ను బట్టి నిర్ణయించుకోండి. స్థానిక సంస్థ వచ్చే ఏడాది లెక్కలు వేసుకునే నెల ఏదో కనుక్కొని, దానికి రెండు నెలల ముందే వెళ్లండి. లెక్కలు ముగిశాక మహిళా దినోత్సవం నాడు ఇచ్చిన వినతిపత్రం ఫొటోకు పనికివస్తుంది, పద్దుకు పనికిరాదు. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి. మాట్లాడేది మీలో ఎక్కువ చదువుకున్నవారు కాకుండా ఆ దారిన రోజూ నడిచేవారై ఉండాలి.

ప్రశ్న: నేను ఒక స్థానిక సంస్థలో సభ్యుడిని. మా ఆటస్థలం అందరికీ తెరిచే ఉంది, ఏ బాలికనూ ఎవరూ ఆపడం లేదు. వారు రాకపోవడం వారి ఇష్టం. అటువంటప్పుడు బాలికల కోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టమని అడగడం సమానత్వానికే విరుద్ధం కాదా?

సమాధానం: సూటిగా అడిగినందుకు ధన్యవాదాలు, ఈ సందేహం చాలామందికి ఉంటుంది గాని పైకి అనరు. తలుపు తెరిచి ఉంచడం సమానత్వంలో సగమే. లోపలికి రావడానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క అడ్డంకి ఉన్నప్పుడు, ఆ అడ్డంకిని తీసివేసే బాధ్యత తలుపు తెరిచినవారిది కూడా అన్నదే సమన్యాయం.

మీ ఆటస్థలానికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఉంది. 1990ల చివర్లో అక్కడ జరిపిన పరిశీలనలో, తొమ్మిదేళ్లు దాటిన తరువాత బాలికలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని, అదే వయసు బాలురు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నారని తేలింది. అక్కడ కూడా ఎవరూ ఎవరినీ ఆపలేదు. మధ్యలో ఒకే ఒక పెద్ద ఖాళీస్థలం ఉంటే దాన్ని గట్టివారు ఆక్రమిస్తారు. వారితో తగువు పడడం కంటే ఇంటికి వెళ్లిపోవడమే మేలని బాలికలు అనుకుంటారు. దీన్ని మీరు ‘ఇష్టం’ అంటున్నారు. 1999 నుంచి ఆ నగరం ఐదవ జిల్లాలోని రెండు పార్కులను మార్చింది: నడకదారులు పెంచింది, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడుకునే చోట్లు ఏర్పాటు చేసింది, మొక్కలతో ఆ పెద్ద ఖాళీని చిన్న చిన్న భాగాలుగా విడదీసింది. బాలికలు తిరిగి వచ్చారు, బాలురను ఎవరూ వెళ్లగొట్టలేదు.

సమానత్వానికి విరుద్ధమా అన్న మీ ప్రశ్నకు అంతర్జాతీయ స్థాయిలో జవాబు ఎప్పుడో వచ్చింది. 1979 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన, స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షను రూపుమాపే ఒడంబడిక నాలుగవ అధికరణం, వాస్తవ సమానత్వాన్ని త్వరగా తేవడానికి తీసుకునే తాత్కాలిక ప్రత్యేక చర్యలు వివక్ష కిందికి రావని, లక్ష్యం నెరవేరాక వాటిని ఆపివేయాలని చెబుతోంది. ఆ ఒడంబడికను అమెరికా ఇప్పటికీ ధ్రువీకరించలేదు. అయినా శాన్ ఫ్రాన్సిస్కో నగరం 1998లో దాని సూత్రాలనే తన స్థానిక శాసనంగా చేసుకొని, తన శాఖల పనితీరు స్త్రీలకు ఎంతవరకు అందుతోందో పరిశీలించడం మొదలుపెట్టింది. దేశం చేయని పనిని ఒక ఊరు చేయగలదనడానికి ఇంతకంటే మంచి రుజువు నాకు తెలియదు. బడ్జెట్‌ను ఈ దృష్టితో చదవడం కూడా కొత్త కాదు, ఆస్ట్రేలియా 1984లోనే ఆ పని చేసింది.

మీరు చేయగలిగింది ఒకటి చెబుతాను. ఒక వారం పాటు రోజూ సాయంత్రం ఒకే సమయానికి ఆ ఆటస్థలం దగ్గర నిలబడి, పదేళ్లు దాటిన బాలురు ఎందరు, బాలికలు ఎందరు, వచ్చిన బాలికలు ఆడుతున్నారా లేక అంచున కూర్చొని తమ్ముళ్లను చూసుకుంటున్నారా, రాసుకోండి. ఆ కాగితాన్ని మీ సభలో మీరే చదవండి.

ప్రశ్న: మా బంధువర్గంలో పదో తరగతి కాగానే ఆడపిల్లలకు పెళ్లి చేసేస్తారు. విడిగా అడిగితే ప్రతి ఇంటివారూ ఇది తప్పే అంటారు. కాని ‘మా అమ్మాయిని ఆపితే రేపు సంబంధం ఎవరు తెస్తారు’ అంటారు. అందరూ తప్పని ఒప్పుకునేదాన్ని ఎవరూ ఎందుకు మానలేకపోతున్నారు?
– ఒక అధ్యాపకురాలు

సమాధానం: అమ్మా, మీ బంధువులు అబద్ధమాడడం లేదు. ఒక్క ఇల్లు మానితే నష్టపోయేది ఆ ఇంటి పిల్లే అన్న వారి భయంలో నిజముంది. అందుకే ఒక్కొక్క ఇంటికి వెళ్లి నచ్చజెప్పే ప్రచారం ఇటువంటి చోట ఓడిపోతుంది. ఒకరి ముందు ఒకరు, అందరూ ఒకేసారి మానాలి.

చైనాలో ఆడపిల్లల పాదాలను చిన్నప్పుడే గట్టిగా కట్టి వంచివేసే ఆచారం వందల ఏళ్లు సాగింది. పంతొమ్మిదో శతాబ్దం చివర దాన్ని ఎదిరించిన సంఘాలలో చేరే కుటుంబాలు రెండు మాటలు ఇచ్చేవి: మా కూతురి పాదాలు కట్టము, పాదాలు కట్టిన పిల్లను మా కొడుక్కు చేసుకోము. రెండవ మాటలోనే అసలు బలమంతా ఉంది. ఆడపిల్ల తండ్రి భయాన్ని మగపిల్లాడి తండ్రి ఇచ్చే మాటే పోగొట్టగలదు.

సెనెగల్‌లో ఇంకా దగ్గరి కాలంలో జరిగింది వినండి. మాలికుండా బాంబారా అనే ఊరి స్త్రీలు, టోస్టాన్ అనే సంస్థ నడిపిన తరగతుల్లో ఆరోగ్యం గురించీ హక్కుల గురించీ చర్చించుకొని, బాలికల జననాంగాలను కోసే ఆచారాన్ని తాము మానివేస్తున్నామని 1997 జూలై 31న బహిరంగంగా ప్రకటించారు. వారికి మెప్పుతో పాటు తిట్లూ వచ్చాయి. అప్పుడు కేర్ సింబారా అనే మరొక ఊరి ఇమాము డెంబా జవారా ఒక మాట అన్నాడు: మన పిల్లలు ఒక్క ఊళ్లోనే పెళ్లాడరు, కాబట్టి ఒక్క ఊరు మానితే చాలదు, సంబంధాలు కలుపుకునే ఊళ్లన్నీ కలిసి మానాలి. ఆయన ఊరికే అనలేదు, బంధువులున్న ఊళ్లకు నడిచి వెళ్లి, పెద్దలతో కూర్చొని, వారి మాట విని, తన మాట చెప్పాడు. 1998 ఫిబ్రవరిలో జాబుగు అనే చోట పదమూడు ఊళ్లవారు కలిసి ప్రకటన చేశారు. దేశంలో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది ఆ తరువాత, 1999లో.

కాబట్టి మీ మొదటి పని సభ పెట్టడం కాదు, పటం గీయడం. మీ బంధువర్గం ఏ ఏ కుటుంబాలతో సంబంధాలు కలుపుకుంటుందో రాసుకొని, వారిలో అందరూ మన్నించే ఒక పెద్దను, ముఖ్యంగా పెళ్లీడు కొడుకులున్నవారిని గుర్తించండి. చట్టం ప్రకారం ఇది నేరమన్న సంగతి దాచవద్దు గాని, దానితో మొదలుపెట్టవద్దు. పోలీసు పేరు వినగానే తలుపులు మూసుకుంటాయి, పెళ్లి వేరే ఊరికి మారుతుంది. ఒక పిల్ల పెళ్లి ఫలానా రోజున ఖాయమైందని తెలిస్తే మాత్రం ఈ నెమ్మది పనికిరాదు, ఆ క్షణమే బాలల రక్షణ అధికారులకు చెప్పాలి.

ప్రశ్న: రిజర్వేషన్ వల్ల గెలిచిన మహిళ బదులు సభలో ఆమె భర్తే మాట్లాడుతున్నాడు. ఇటువంటి పదవుల వల్ల స్త్రీలకు ఒరిగిందేమిటి?

సమాధానం: మీరు చూస్తున్నది నిజమే, ఆ భర్తలకు ‘సర్పంచ్ పతి’ అన్న బిరుదు కూడా ఎప్పుడో స్థిరపడింది. కాని దాన్ని బట్టి రిజర్వేషన్ వ్యర్థమని తేల్చడానికి నేను ఒప్పుకోను. పంచాయతీల్లో స్త్రీలకు స్థానాలు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చాక, ఏ పంచాయతీ అధ్యక్ష పదవిని స్త్రీలకు కేటాయిస్తారన్నది గ్రామం గొప్పను బట్టి కాక యాదృచ్ఛికంగా తేలేచోట, రెండు రకాల పంచాయతీలను పక్కపక్కన పెట్టి చూసే వీలు పరిశోధకులకు దొరికింది. రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో ఆ పని చేసి 2004లో ప్రచురించారు. అధ్యక్షురాలు స్త్రీ అయిన చోట, స్త్రీలు ఎక్కువగా అడిగే తాగునీటి వంటి పనులకు ఎక్కువ పెట్టుబడి వెళ్లింది. బెంగాల్‌లో గ్రామసభకు వచ్చినవారిలో స్త్రీల వాటా దాదాపు 7 శాతం నుంచి దాదాపు 10 శాతానికి పెరిగింది. పది శాతం ఏమంత గొప్ప సంఖ్య కాదని మీరంటే నేను కాదనను. 2012లో లోరి బీమన్, ఆమె సహ పరిశోధకులు బెంగాల్‌లోని 495 గ్రామాల మీద ప్రచురించిన అధ్యయనం ఇంకా లోతైనది. వరుసగా రెండు విడతలు స్త్రీ నాయకత్వం ఉన్న గ్రామాల్లో, కొడుకు మీదా కూతురి మీదా తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల మధ్య తేడా 20 శాతం తగ్గింది. పిల్లలు తమ మీద తాము పెట్టుకునే ఆశల్లో ఆ తేడా 32 శాతం తగ్గింది. అక్కడి బాలికలు ఇంటిపనికి వెచ్చించే సమయం కూడా తగ్గింది.

ఆ భర్తను మాన్పించడానికి మీరు చేయగలిగింది చాలా చిన్నది: సభకు వెళ్లి, ఆమెను పేరుతో పిలిచి ప్రశ్నను ఆమెనే అడగండి, ఆయన జవాబు చెప్పబోతే ‘సభ్యురాలి జవాబు కోసం ఆగుతాము’ అని నిజంగానే ఆగండి. ఆ నిశ్శబ్దం మొదటిసారి ఆమెకే ఇబ్బందిగా ఉంటుంది, కాబట్టి అడగబోయే ప్రశ్నను ముందురోజే ఆమెకు చెప్పి ఉంచడం మర్యాద.

ప్రశ్న: మా బృందంలోకి మగవారిని రానివ్వాలా, వద్దా?

సమాధానం: రానివ్వండి, కాని మైకు వారి చేతికివ్వకండి. ఉగాండాలోని కంపాలాలో స్త్రీల మీద హింసను అరికట్టే ‘సాసా’ అనే కార్యక్రమం (స్వాహిలీలో ఆ మాటకు ‘ఇప్పుడు’ అని అర్థం) స్థానిక స్త్రీ పురుష కార్యకర్తలతోనే నడిచింది. ఇరుగుపొరుగుతో, తమతో పాటు పనిచేసేవారితో మాట్లాడడమే వారి పని. 2014లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, ఆ కార్యక్రమం జరిగిన సమాజాల్లో స్త్రీల మీద భాగస్వాముల శారీరక హింస, జరగని వాటితో పోల్చితే 52 శాతం తక్కువగా ఉంది. మగవాడి మాటను మగవాడు వింటాడన్నది అక్కడ పనికివచ్చింది. అయితే ఏమి అడగాలన్నది నిర్ణయించే సమావేశం మాత్రం స్త్రీలదిగానే ఉండనివ్వండి, ఎందుకంటే మగవారు ఉన్నప్పుడు కొన్ని సంగతులు నోటికి రావు.

ప్రశ్న: నాకు పందొమ్మిదేళ్లు. మా కళాశాల దారి గురించి ఇచ్చిన వినతిపత్రంలో మొదటి సంతకం నాదే. అప్పటి నుంచి నా నడవడి గురించి మాటలు పుట్టిస్తున్నారు. సంతకం వెనక్కి తీసుకోమని ఇంట్లో ఒత్తిడి చేస్తున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: నీ ఉత్తరం చదివి ధైర్యంగా ఉండమ్మా అని రాయడం సులువు, కాని ధైర్యం ఒక్కటే చాలదని చెప్పే చరిత్ర మన దేశంలోనే ఉంది. రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో పనిచేసిన భన్వరీ దేవి, తన ఉద్యోగధర్మంగా ఒక బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైంది. ఆ పని అప్పగించినవారు ఆమెకు రక్షణ మాత్రం అప్పగించలేదు. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. ఆమెకు జరిగినది చూసి మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లగా 1997లో పనిచేసే చోట లైంగిక వేధింపులపై మార్గదర్శకాలిచ్చిన విశాఖ తీర్పు, దాని వెనుక 2013లో ఆ వేధింపులను అరికట్టే చట్టం వచ్చాయి. కోట్లమందికి మేలు జరిగింది. ఆమె చెల్లించిన మూల్యం ఆమెదే. అందుకే, ముందు నిలబడిన మనిషిని ఒంటరిగా నిలబెట్టిన సంఘాన్ని నేను మెచ్చుకోలేను.

తప్పు నీ సంతకంలో లేదు, అది మొదటి వరుసలో ఒంటరిగా ఉండడంలో ఉంది. వినతిపత్రాన్ని మీ బృందం మళ్లీ రాసి, సంతకాలన్నీ ఒక వృత్తంగా పెట్టించాలి; అప్పుడు మొదటిది ఏదో ఎవరూ చెప్పలేరు. అధికారి దగ్గరికి ప్రతిసారీ ఇద్దరు వేర్వేరు మనుషులు వెళ్లాలి. నీ గురించి ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు ఏమన్నారో తేదీలతో రాసి ఉంచుకో, ఫోనుకు వచ్చిన సందేశాలను తుడిచివేయకు. అవి బెదిరింపులుగా మారితే మీ సంఘంలోని పెద్దవారు నీతో పాటు పోలీసుల దగ్గరికి రావాలి, నువ్వొక్కదానివే వెళ్లవద్దు. నీకు జరిగినదాన్ని సభలో ఉదాహరణగా చెప్పమని ఎవరైనా అడిగితే, ఎంత మంచి ఉద్దేశంతో అడిగినా, ఒప్పుకోవలసిన అవసరం నీకు లేదు.

ఇంట్లోవారి భయాన్ని తేలికగా తీసుకోకు. వారితో మాట్లాడడానికి మీ బృందంలోని ఒక తల్లిని పంపమని అడుగు. అప్పటికీ వారు ఒప్పుకోక, సంతకం తీసేయక తప్పని పరిస్థితి వస్తే తీసేయి, అందుకు సిగ్గుపడకు. ఈ సంచికలో మొదటి ఉత్తరానికి నేను చెప్పిన భద్రతా తనిఖీలో నడిచేవారి పేర్లు పైకి రానక్కరలేదు, చూసినది రాసిపెట్టే పుస్తకం మాత్రం ఎవరో ఒకరి చేతిలో ఉండాలి. మీ వాళ్లు ఈసారి నడవబోయే ముందు ఆ పుస్తకం నీ చేతికి ఇమ్మని అడుగు.